గోదావరి మొగల్లో మడ, పులస, పీత: సముద్రం మార్చింది ఎంత, మనం మార్చింది ఎంత?

కోరంగి_కబుర్లు | ఆదివారం, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. తాళ్ళరేవు మండలంలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పజెప్పాను. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, యానాం దిగువ నుంచి భైరవపాలెం, గాడిమొగ, ఇటు చొల్లంగి దాకా ఉన్న ఊళ్ళలో వాళ్ళ తాతయ్యలనూ అమ్మమ్మలనూ కూర్చోబెట్టి అడగమన్నాను: మీ చిన్నప్పటికీ ఇప్పటికీ నీళ్ళలో ఏం తేడా వచ్చింది, మడలో (ఉప్పునీటి అడవిలో) ఏం తేడా, వలలో ఏం తేడా అని.

"ఎండలు ముదిరాయి, సముద్రం పైకొచ్చింది, చేప తగ్గింది" అని ఎక్కువమంది చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ అవే కాగితాల్లో ఆనకట్ట ఉంది, రొయ్యల చెరువులున్నాయి, సోనా మరపడవలున్నాయి, గ్యాసు బావులున్నాయి. అంతా వాతావరణ మార్పు మీదకు నెట్టేస్తే పిల్లలకు నేర్పడానికి ఏమీ మిగలదు. అసలు అదేమీ లేదనడం ఇంకా అన్యాయం. ఏది ఎక్కడిదాకా? నీళ్ళ మీద బతికేవాళ్ళు, దీని గురించి చదువుకున్నవాళ్ళు దయచేసి రాయండి. క్లాసులో చదివి వినిపిస్తాను.

బలుసుతిప్ప_నావ | ఆదివారం, మధ్యాహ్నం 1:50

నమస్తే మేడం గారూ. మాది కాట్రేనికోన మండలం. తాత, నాన్న అందరూ వేటే. నేనూ ఫైబర్ బోటు మీద వెళ్తానండి.

ముందు మొగ సంగతి. తాత రోజుల్లో ఏ నెలలోనైనా పడవ దాటేదంట. ఇప్పుడు వేసవొస్తే ఇసక మేట అడ్డం. పోటు చూసుకుని బయటికెళ్ళాలి, మళ్ళీ పోటు మీదే లోపలికి రావాలి. లేటయితే బయటే లంగరేసుకుని కూర్చోవడం. ఆ మేట కూడా ఒక చోట ఉండదండి. వరదకో తుపానుకో కదిలిపోద్ది. ఒక పక్క మేట వేస్తుంటే ఇంకో పక్క ఒడ్డుని కోసేస్తుంది. కోసిన చోట మడ చెట్లు వేళ్ళతో సహా నీళ్ళలో పడిపోయి ఉంటాయి. వల వాటికి తగులుకుందంటే ఆ రోజు కూలి పోయినట్టే.

తర్వాత పులస. ఎర్రనీరు, అంటే తొలి వరద నీరు, దిగాలి, ఆ నీటికి చేప ఎదురెక్కాలి. నాన్నోళ్ళు ఆషాఢం వస్తుందంటే వలలు సరిచేసుకునేవారు. ఇప్పుడు ఆ లెక్క కుదరట్లేదు. ఒక ఏడాది శ్రావణం సగమైనా ఎర్రనీరు ఉండదు. ఇంకో ఏడాది 2022లో లాగా జూలైలోనే ఊళ్ళు ముంచేసే వరద. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన ఏడాదండి అది. అంత వరదలో వల వేయలేం. యానాం మార్కెట్లో పులస అని అమ్మేదాంట్లో చాలావరకు ఒడిశా నుంచి ఐసులో వచ్చిన సముద్రం చేప. కొనేవాళ్ళకీ తెలుసు.

ఇంకోటి, కొత్తగా ఎక్కువైనవి. కవళ్ళు (సార్డిన్ చేపలు), కానాగంతలు (మాకెరెల్) నాన్న చిన్నప్పుడు మా వైపు ఇంతగా పడేవి కావంట. ఇప్పుడు కొన్ని రోజుల్లో వల నిండా అవే. రేటు ఉండదు, కోళ్ళ మేతకీ చేపల మేతకీ పోతాయి.

వేటకి వెళ్ళరాదని హెచ్చరికలొచ్చే రోజులు కూడా పెరిగాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఎలాగూ ఉంది. దానికి అల్పపీడనాలు కలుపుకుంటే ఇంట్లో కూర్చునే రోజులే ఎక్కువ.

సాగరిక_విశాఖ | ఆదివారం, రాత్రి 9:05

అన్న రాసినవాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. నేను సముద్ర శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, తెలిసినంత వరకు రాస్తాను.

వాతావరణ మార్పు తేటగా కనిపించేది కవళ్ళలో. నూనె కవళ్ళు ఒకప్పుడు ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరాల చేప. 1980ల చివరి నుంచి తూర్పు తీరంలోనూ పెరుగుతూ వచ్చింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని సముద్రం వేడెక్కడంతో ముడిపెట్టారు. ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు 1951 నుంచి 2015 లోపు దాదాపు 1 డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. మనకు అది జ్వరమాని మీద చిన్న తేడా. నీళ్ళ వేడితో పాటే ఒళ్ళు వేడెక్కే చేపకు మాత్రం గుడ్లు పెట్టే కాలం, మేత దొరికే చోటు రెండూ మారిపోతాయి.

సముద్ర మట్టం సంగతీ ఆ నివేదికలో ఉంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1874–2004 మధ్య ఏటా 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్లు పెరిగింది. 1993–2017 మధ్య ఆ వేగం ఏటా 3.3 మిల్లీమీటర్లు. కోరంగి లాంటి చోట నేల ఎంత చదునో మీకు తెలుసు. అక్కడ నిలువునా కొద్ది సెంటీమీటర్లు పెరిగితే అడ్డంగా ఉప్పునీరు చాలా దూరం పోతుంది.

ఒడ్డు కోతకు మాత్రం పాత కారణం వేరే ఉంది. 2004లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రచురించిన లెక్కల ప్రకారం గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలినదంతా ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. దీనికి ఎండలతో పని లేదు, మనం కట్టుకున్న గోడలే కారణం.

ఈ రెండూ కలిసేది మడ అడుగున. సముద్రం పైకి లేస్తే మడ నేల కూడా పైకి లేవాలి. దాన్ని లేపేది వరద తెచ్చే ఒండ్రు, చెట్టు తన వేళ్ళతో పట్టి ఉంచుకునే బురద. సముద్రం ఏటా 6 మిల్లీమీటర్లకు మించి లేస్తే మడ నేల ఆ వేగాన్ని అందుకోవడం చాలా కష్టమని 2020లో పదివేల ఏళ్ళ మట్టి పొరలు చూసి తేల్చారు. పైగా డెల్టా మట్టి తనంతట తానే కుంగుతుంది. 2009లో ప్రపంచ డెల్టాల మీద వచ్చిన అధ్యయనం గోదావరిని ప్రమాదంలో ఉన్నవాటిలోనూ, కృష్ణను అంతకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాటిలోనూ చేర్చింది.

అందుకే మేడం, ఇది ఇంత శాతం అది అంత శాతం అని పంచుకోవడం కుదరదు. ఒండ్రు సరిగ్గా వస్తున్న డెల్టాకు 3 మిల్లీమీటర్లు పెద్ద బాధ కాదు. ఒండ్రు ఆగిన డెల్టాకు అదే 3 మిల్లీమీటర్లు ప్రాణం మీదకు వస్తుంది.

ఉప్పాడ_తీరం | ఆదివారం, రాత్రి 10:30

మాది ఉప్పాడ. జాందానీ నేతపని ఇల్లు. మా అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆ ముందు వీధి, గుడి కూడా. రాళ్ళు పోశారు, ఇసక నింపిన పెద్ద గొట్టాలతో జియోట్యూబు గోడ వేశారు, అలలు దాన్నీ చీల్చేశాయి. కాకినాడ బీచ్ రోడ్డు ప్రతి తుపానుకూ తెగుతుంది, మళ్ళీ వేస్తారు. తుపాను వెళ్ళిన మర్నాడు మా ఊరి ఆడవాళ్ళు ఇసకలో బంగారం రవ్వలు వెతుక్కుంటారని టీవీలో వింతగా చూపిస్తారు. అవి ఎవరివో మాకు తెలుసు. మునిగిన ఇళ్ళవి.

సాగరిక గారూ, మాకు దగ్గర్లో కాకినాడ రేవు ఉంది, హోప్ ఐలాండు ఇసక దిబ్బ ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. మాకు రావాల్సిన ఇసక అక్కడే ఆగిపోతోందంటారు. నిజమేనా?

సాగరిక_విశాఖ | ఆదివారం, రాత్రి 11:10

నిజమేనండి. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. నైరుతి కాలపు అలలు దాన్ని తోస్తాయి. గోదావరి తెచ్చిన ఇసకే హోప్ ఐలాండుగా సాగింది. ఆ దిబ్బ చాటునే కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంది, కోరంగి మడ పెరిగింది. దాని నీడ దాటిన మరుక్షణం ఉప్పాడ. పెద్ద అలలు నేరుగా తగిలేది మీకు, ఇసక అందనిదీ మీకే. దీని మీద సముద్ర మట్టం పెరుగుదల చేరింది. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2018 లెక్కల్లో దేశ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని తేలింది. ఆ మూడో వంతులో మీ ఊరు చాలా ముందు వరసలో ఉంటుంది.

పాత_మత్స్యశాఖ | సోమవారం, ఉదయం 6:20

మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు చదివి వినిపిస్తానన్నారు కాబట్టి టీచరు గారూ, కొంచెం వివరంగానే రాస్తాను.

చాలామందికి మడ అంటే తుపాను అడ్డుగోడ. 1996 నవంబరు తుపాను రాత్రి మడ వెనకున్న ఊళ్ళు ఎలా నిలిచాయో మీ పిల్లల తాతయ్యలు చెప్పే ఉంటారు. కానీ మా శాఖ కంటితో చూస్తే మడ అంటే పురిటిల్లు. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల పోటు మీద ఉప్పుటేట్లోకి వచ్చి, మడ వేళ్ళ మధ్య బురదలో మేసి, కాస్త ఎదిగాక మళ్ళీ సముద్రానికి పోతుంది. పండుగప్ప ఏట్లో పెరిగి, గుడ్లకు ఉప్పునీళ్ళ దగ్గరికి దిగుతుంది. పులస సముద్రంలో పెరిగి, గుడ్లకు తీపి నీళ్ళలోకి ఎక్కుతుంది. దాని పిల్లలు మళ్ళీ ఈ మొగల మీదుగానే దిగాలి. మండపీత ఆడది గుడ్లతో సముద్రంలోకి వెళుతుంది, పిల్లలు లోపలికి వస్తాయి. అన్నిటికీ దారి ఒక్కటే, మొగ. వీటిలో ప్రతిదీ నీళ్ళ ఉప్పదనం చూసుకునే ఎప్పుడు ఎక్కాలో ఎప్పుడు దిగాలో తేల్చుకుంటుంది.

మన గోదావరి మొగ ఏడాదిలో రెండు వేషాలు వేస్తుంది. వరద నెలల్లో ఇంచుమించు సముద్రం దాకా తీపి నీరే. డిసెంబరు దాటాక ధవళేశ్వరం కింద నీరు చాలా తగ్గిపోతుంది, సముద్రం లోపలికి వస్తుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచే ఇది మొదలైంది. కోనసీమకు అన్నం పెట్టింది కూడా ఆ ఆనకట్టే, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. పులసకు మాత్రం అక్కడితో గోడ పడింది. ఇప్పుడు ఆ రెండు వేషాలూ ముదిరాయి. వేసవి ఉప్పు మరీ ఎక్కువ, వరద మరీ ఉధృతం. ఒక్కసారిగా తీపి నీరు ముంచెత్తితే అఖాతంలో గుల్లలు బురద కింద చనిపోతాయి. వేసవిలో ఉప్పు, వేడి కలిస్తే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, లేత చేపపిల్లకు అదే దెబ్బ.

మడ చెట్లలోనూ తేడా కనిపిస్తుంది. తెల్లమడ ఎంత ఉప్పునైనా ఓర్చుకుంటుంది, అందుకే అది ఎక్కడైనా నిలుస్తోంది. కొంచెం తీపి నీరు కావాల్సిన రకాలు వెనక్కి తగ్గుతాయి. శాటిలైటు బొమ్మలో పచ్చదనం మారలేదనిపించొచ్చు, లోపల చెట్ల కలయిక మారుతుంది.

ఇక అసలు మాట. సముద్రం పైకొస్తే మడ ఏం చేస్తుంది? మొక్క మొక్కగా లోపలికి, నేల వైపుకి జరుగుతుంది. వేల ఏళ్ళుగా అదే చేసింది. ఇప్పుడు జరగడానికి చోటేదీ? మడ వెనక గట్టు ఉంది, గట్టు వెనక చెరువు ఉంది. ముందు సముద్రం తింటుంది, వెనక గట్టు ఆపుతుంది. మడకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదేనని నా నమ్మకం.

చెరువుగట్టు_అమలాపురం | సోమవారం, మధ్యాహ్నం 2:40

చెరువులంటే అందరికీ లోకువేనండి. 2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించింది ఎవరు? వరి రైతులు. మురుగు కాలువలు దిగక, గిట్టుబాటు లేక చేశారు. మా నాన్న అందులో ఒకరు. డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగలు పూడిపోయాయి. పోటుకు సముద్రం నీరు కాలువలోకి ఎదురు వస్తుంది, వాన నీరు బయటికి పోదు. వరి నెలల తరబడి నీళ్ళలో నానుతుంది. ఉప్పు పట్టిన నేలలో ఏం వేయమంటారు? చెరువు తవ్వాం. ఆ తవ్వడం కూడా ఉప్పు వచ్చాకే. కొబ్బరి కూడా మొగల దగ్గరి ఊళ్ళలో తలలు వాల్చేస్తోంది.

పైగా ఎండలు, అకాల వానలు మాకూ దెబ్బే. రాత్రికి రాత్రి వాన పడితే చెరువులో ఉప్పు తేడా కొట్టి రొయ్య తేలిపోతుంది. పొద్దున్నే ఏరేటర్ల (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాల) మోత వింటే మా కరెంటు బిల్లు సంగతి తెలుస్తుంది.

పాత_మత్స్యశాఖ | సోమవారం, సాయంత్రం 5:15

బాబూ, నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం. ఉప్పెక్కిన వరి చేలో చెరువు తవ్వడం వేరు, మడ కొట్టి తవ్వడం వేరు. 1990లలో రెండోది చాలా జరిగింది. 1996 డిసెంబరులో తీరం రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు రావడానికి అదే కారణం. నేను అడిగేది ఒకటే. మడకు ఆనుకుని ఉండి, వైరస్ వచ్చి వదిలేసిన చెరువులు ఎన్నో పడి ఉన్నాయి. వాటి గట్లు తెగ్గొట్టి పోటు నీటిని లోపలికి రానిస్తే మడ తానే వస్తుంది. ఆ భూమి రైతుకు పరిహారం ఇవ్వాలి, ఊరికే లాక్కోకూడదు. నువ్వన్న డ్రెయిన్ల మురుగుకూ అక్కడే కాస్త చోటు దొరుకుతుంది.

సీమ_గాలి | సోమవారం, రాత్రి 8:00

అనంతపురం నుంచి రాస్తాండా. ఇంతసేపు చదివినాక నాకొక ప్రశ్న. ఏటా గోదావరి నీళ్ళు దాదాపు 3 వేల టీఎంసీలు సముద్రంలో కలుస్తాయని చిన్నప్పటి నుంచి వింటాన్నాం. మాకు తాగేదానికే ఉండవు. బోరు వెయ్యి అడుగులు పోయినా దుమ్మే. పోలవరం నుంచి మా సీమలోని బనకచర్లకు 200 టీఎంసీలు మళ్ళిస్తామన్నప్పుడే ఎంతో గొడవైంది. మూడు వేలల్లో రెండొందలు తీసుకుంటే మీ చేపకు ఏం నష్టం? మనిషి ముందా, పులస ముందా?

బలుసుతిప్ప_నావ | సోమవారం, రాత్రి 9:30

అన్నా, మీ కరువు మాకు తెలీనిది కాదు. మీ వైపు వాళ్ళు వలస వచ్చి మా చెరువుల దగ్గర పని చేస్తారు, వాళ్ళతో కలిసి తింటాం. కానీ సముద్రంలో కలిసిన నీరంతా వృథా అంటే మాత్రం మా గుండె మండుతుందన్నా. ఆ నీటి మీద మా ఊళ్ళన్నీ బతుకుతున్నాయి. వరద బాగా వచ్చిన ఏడాది తర్వాత రొయ్య బాగుంటుంది. ఇది మా పెద్దల మాట, మా వల లెక్క కూడా అదే. మీ పొలానికి ఒక తడి ఎలాగో, వరద మా మొగకు అలాగ. మీకు నీళ్ళు వద్దని నేననను. మా తడి ఎంతో ముందు లెక్కలో రాయమంటున్నాను. ఏ ప్రాజెక్టు కాగితంలోనూ అది రాయరు.

సాగరిక_విశాఖ | సోమవారం, రాత్రి 10:20

సీమ_గాలి గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. మొత్తం టీఎంసీలు చూస్తే 200 చిన్నదే. కానీ మొగకు కావలసినది ఎంత నీరు అన్నదానికంటే ఎప్పుడు వచ్చిన నీరు, దానిలో ఏం ఉంది అన్నవి ముఖ్యం. ఆ 3 వేలల్లో చాలా భాగం జూలై నుంచి అక్టోబరు లోపే పోతుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆనకట్ట దిగువకు వచ్చేది అతి తక్కువ. వరద మంచి ఉధృతిలో ఉన్నప్పుడు కొంత మళ్ళిస్తే తట్టుకోవచ్చు. ఆషాఢంలో వచ్చే తొలి ఎర్రనీటిని పట్టేస్తే పులస ఎక్కే సమయమే పోతుంది. వానలు ఆలస్యమయ్యే ఏళ్ళలో సరిగ్గా ఆ తొలి నీటి కోసమే అందరూ పోటీ పడతారు. వాతావరణ మార్పు మనల్ని నెడుతున్నది అలాంటి ఏళ్ళ వైపుకే.

ఇంకో సంగతి. కృష్ణ మొగ చూడండి. శ్రీశైలం, సాగర్, ప్రకాశం బ్యారేజీ దాటి కరువు ఏడాదుల్లో సముద్రానికి చేరేది దాదాపు ఏమీ ఉండదు. గోదావరి ఏం కాకూడదో మన పక్కనే ఉంది.

సీమ_గాలి | సోమవారం, రాత్రి 10:55

తొలి నీరు ముట్టకుండా, వరద మధ్యలో తీసుకోండి అని మీరే ముందుకొచ్చి రాసిస్తే మా వైపు ఎవరూ కాదనరు. మాకు తీసుకునే నెల ముఖ్యం కాదు, నిల్వ చేసుకునే చోటు ముఖ్యం.

తాబేలు_దారి | మంగళవారం, ఉదయం 7:10

శ్రీకాకుళం తీరం నుంచి. తాబేళ్ళ గుడ్లు కాపాడే పనిలో మా కుర్రాళ్ళతో ఉంటాను. హోప్ ఐలాండు పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను, అక్కడా ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి.

తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది ఇసక వేడి తేలుస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ సమానంగా వస్తాయి. అంతకంటే వేడెక్కితే ఆడవే ఎక్కువ, మరీ వేడెక్కితే గుడ్డులోనే చనిపోతాయి. జనవరిలో పెట్టిన గుడ్లకు పర్వాలేదు, మార్చి చివరవాటికి ఎండ దెబ్బ. గుడ్లు పొదిగించే మా హేచరీ మీద కొబ్బరాకుల నీడ వేస్తాం. ఒడ్డు కోసేసిన చోట తాబేలు ఎక్కడానికి వాలు ఉండదు, రాళ్ళు పోసిన చోట అసలే ఎక్కలేదు. వచ్చి రాళ్ళను తడిమి వెనక్కి పోయిన గుర్తులు ఇసకలో చూస్తుంటాం.

అయినా ఒక మాట చెప్పాలి. ఈ రోజు మా ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళను చంపింది వేడి కాదు, మరపడవలు ఈడ్చే ట్రాలు వల. 2025 జనవరిలో తీరమంతా ఎన్ని కొట్టుకొచ్చాయో పేపర్లలో చూసే ఉంటారు. నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, తాబేళ్ళు తీరానికి చేరేది జనవరి నుంచి. ఆ మూడు నెలలూ ట్రాలు వలకు తాబేలు తప్పించుకునే పరికరం పెట్టి తీరాల్సిందే. వేడికి ఏం చేయాలో ప్రపంచం తేల్చేలోపు ఈ పని మన చేతిలో ఉంది.

పులికాట్_పక్షి | మంగళవారం, మధ్యాహ్నం 12:30

సూళ్ళూరుపేట వైపు నుంచి ఒక్క మాట. మీకు మొగ మేట వేస్తేనే ఇంత బాధ. మా పులికాట్‌కు రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయింది. పోటు నీరు రాదు, రొయ్యపిల్ల రాదు. వానలు లేని ఏడాది సరస్సు అంచులు ఎండి ఉప్పు పొరలు తేలతాయి. సరస్సు మొత్తం మారుతున్నా జనవరిలో ఫ్లెమింగోలు వస్తే అందరూ ఫొటోలు తీసుకుంటారు, జాలరి వల ఖాళీగా ఉన్న సంగతి ఎవరూ అడగరు. మొగ మూసుకుపోతే మడా చేపా రెండూ పోతాయని టీచరు గారి పిల్లలకు మా సరస్సు చూపించండి.

గెలాక్సీ_రీడర్ | మంగళవారం, సాయంత్రం 4:45

తుపాన్లు కొత్తా? 1789లో కోరంగిని ఉప్పెన ముంచింది, 1839లో రేవునే తుడిచేసింది. అప్పుడు కార్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. 1977 దివిసీమ ఉప్పెన నాటికీ వాతావరణ మార్పు అనే మాట ఇక్కడ ఎవరూ అనలేదు. ప్రకృతి తన పని తాను చేస్తుంది, మనం పేర్లు పెడుతున్నాం అంతే.

సాగరిక_విశాఖ | మంగళవారం, రాత్రి 8:15

తుపాన్లు కొత్తవని ఇక్కడ ఎవరూ అనలేదండి. సైక్లోన్ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టనే 1789 కోరంగి ఉప్పెన గురించి రాశాడు. ఇంకా చెప్పాలంటే, నేను మొదట చెప్పిన 2020 నివేదిక ప్రకారం 1951 నుంచి ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపాన్ల సంఖ్య తగ్గింది. కానీ 2000 తర్వాత, వర్షాకాలం ముగిశాక వచ్చే అతి తీవ్ర తుపాన్లు పెరిగాయి. వేడి నీరు తుపానుకు ఇంధనం. 1839 నాటి ఉప్పెనే ఇవాళ వస్తే అప్పటికంటే పైకి లేచిన సముద్రం మీద వస్తుంది. 20వ శతాబ్దం మొదలు 2018 దాకా ప్రపంచ సగటు మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. అప్పుడు దాని ముందు మడ ఉంది, వెనక జనం తక్కువ. ఇప్పుడు?

మిసిసిపి_ఒడ్డు | బుధవారం, ఉదయం 5:50

పుట్టింది రాజోలు, ఉంటున్నది అమెరికాలోని లూసియానా. ఇక్కడి మిసిసిపి డెల్టా 1930ల నుంచి దాదాపు 5 వేల చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుంది. నదికి కరకట్టలు కట్టి ఒండ్రును నేరుగా లోతు సముద్రంలోకి తోసేయడం ఒక కారణం, చమురు కాలువలు ఇంకో కారణం, పైన సముద్ర మట్టం. మీరు రాస్తున్నవన్నీ ఇక్కడ నాకు తెలిసిన కథే. కరకట్ట తెరిచి ఒండ్రు నీటిని చిత్తడి నేలల్లోకి వదలడానికి సుమారు 3 వందల కోట్ల డాలర్ల పథకం 2023లో మొదలుపెట్టారు. తీపి నీరు వస్తే ఆల్చిప్పలు చస్తాయని, రొయ్యల వేట పోతుందని జాలర్లు ఎదురు తిరిగారు. 2025 జూలైలో పథకాన్నే రద్దు చేశారు. జాలర్లను మొదటి రోజు నుంచి కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే మరోలా ఉండేదేమో అని ఇక్కడ చాలామంది అంటారు. పైన బలుసుతిప్ప తమ్ముడు, సీమ అన్న మాట్లాడుకున్నట్టు ఇక్కడ వాళ్ళు ఎదురెదురు కూర్చుని మాట్లాడుకోలేదు.

కోరంగి_కబుర్లు | బుధవారం, రాత్రి 7:30

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. ఈ రోజు క్లాసులో సగం దాకా చదివాను. ఒక పిల్ల లేచి, "మనం మడ మొక్కలు నాటుదామా టీచర్" అంది. నాటించమంటారా? ఎక్కడ, ఎలా?

పాత_మత్స్యశాఖ | బుధవారం, రాత్రి 9:10

తొందరపడి నాటకండి. ఫొటో కోసం నాటిన మొక్కలు బోలెడు చచ్చిపోయాయి. బురద దిబ్బ ఖాళీగా కనిపించింది కదా అని అక్కడ నాటితే అలకు కొట్టుకుపోతుంది, పైగా అది పక్షులు మేసే చోటు.

మడ పెరగని చోట ముందు అడగాల్సింది నీళ్ళు ఎందుకు రావడం లేదని. మధ్యలో పల్లం పడి, పోటు నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుని మొక్క మొలవదు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు అటవీ శాఖతో, ఊరి కమిటీలతో కలిసి గోదావరి, కృష్ణా మడల్లో చేసింది ఇదే: చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు వచ్చి పోయేలా చేశారు. నీరు ఆడితే ఉప్పు కడిగిపోతుంది, ఆపైన విత్తనం తానే వస్తుంది, అవసరమైన చోటే నాటారు. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంది. లోపల ఏ పనైనా అటవీ శాఖ అనుమతితోనే చేయాలి.

పిల్లలు చేయగల పని ఇంకోటుంది. తీర నియంత్రణ నిబంధనల ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ చుట్టూ 50 మీటర్ల జాగా వదలాలి. మీ ఊళ్ళో మడ అంచు ఎక్కడుందో, దాని పక్కన ఏం ఉందో పిల్లలతో పటం గీయించండి. ఏటా అదే పటం మళ్ళీ గీయించండి. మడ నడుస్తోందో ఆగిందో వాళ్ళకే తెలుస్తుంది.

సాగరిక_విశాఖ | బుధవారం, రాత్రి 9:40

పటంతో పాటు ఉప్పదనం కూడా కొలిపించండి మేడం. ఒకే రేవు దగ్గర, ప్రతి అమావాస్యకూ పున్నమికీ, పోటు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఆటు బాగా తీసినప్పుడు ఒకసారి. తేదీ, సమయం, నీళ్ళ వేడి, ముందు రోజు వాన పడిందో లేదో రాయాలి. ఆపకుండా కొన్నేళ్ళు రాస్తే మా లాంటి వాళ్ళకు అది బంగారం. చేతిలో పట్టే సెలైనిటీ మీటరు ఒకటి కావాలి.

చెరువుగట్టు_అమలాపురం | బుధవారం, రాత్రి 10:05

మీటరు నా దగ్గర రెండున్నాయి మేడం. ఒకటి బడికి ఇస్తాను. వాడే ముందు మంచినీటితో సున్నాకి సరిచేసుకోవాలి, వాడాక కడిగి తుడవాలి, లేకపోతే ఉప్పు పట్టి తప్పు చూపిస్తుంది. శనివారం తెచ్చి పిల్లలకు ఎలా చూడాలో నేనే చూపిస్తాను.

బలుసుతిప్ప_నావ | బుధవారం, రాత్రి 10:20

ఇటు గౌతమి దక్షిణం ఒడ్డున మా రేవు దగ్గర నేను కొలుస్తానండి. అలాంటిదే ఇంకో మీటరు దొరికితే చెప్పండి. పున్నమి పోటు ఎప్పుడు నిండుతుందో ముందు రోజే ఇక్కడ రాసి పెడతాను, రెండు వైపులా ఒకే టైముకి కొలవచ్చు.